దుకాణంలో ఎదుటివారిని చూస్తూ, వర్గాల గురించి మన ఊహలను పరీక్షించుకోవడం ఎలా?

బిల్లు కట్టే వరుసలో నిలబడ్డవారికి చేయడానికి పెద్దగా పనేమీ ఉండదు. ముందున్న మనిషి చెప్పులు, చేతిసంచి, బుట్టలోని సరుకులు కంటపడతాయి. ఆ మనిషి దగ్గర డబ్బుందా, చదువుకున్నవారేనా, ఎలాంటి ఇంటి నుంచి వచ్చి ఉంటారు అన్న లెక్క మనసులో దానంతటదే జరిగిపోతుంది. లెక్క వేశామని కూడా మనం గమనించం. ఆ లెక్కను కాగితం మీదికి తెచ్చి, తీరిగ్గా తిరగేసి చూసే పద్ధతి ఒకటుంది. ఖర్చు లేనిది, కొంచెం ఇబ్బంది పెట్టేది.

ఒక విషయం ముందే తేల్చుకోవాలి. ఇది ఎదుటివారి అంతస్తును సరిగ్గా కనిపెట్టే పోటీ కాదు. మీ ఊహ నిజమో కాదో మీకు ఎప్పటికీ తెలియదు, అడిగి తెలుసుకునే హక్కూ మీకు లేదు. ఇలాంటి ఊహలు జీవితాంతం చెక్కుచెదరకుండా ఉండిపోవడానికి అసలు కారణం కూడా ఇదే: తప్పని చెప్పేవారు ఎదురుపడరు. అందుకే ఇక్కడ మనం పరీక్షించేది ఊహ సరైనదా అని కాదు, నిలకడైనదా అని. ఒకే పనిని ఇద్దరు వేర్వేరు మనుషులు చేసినప్పుడు మీ నోటి నుంచి ఒకే మాట వస్తుందా? దీనికి జవాబు ఎవరినీ కదిలించకుండా మీ నోటుపుస్తకంలోనే దొరుకుతుంది.

కావలసినవి: ఒక చిన్న నోటుపుస్తకం, రెండు రంగుల కలాలు, వేర్వేరు రోజుల్లో గంటేసి సమయం. ఫోను జేబులోనే ఉండనివ్వండి.

మొదటి అడుగు: బయల్దేరే ముందు మీ నమ్మకాలు రాసి పెట్టుకోండి

దుకాణానికి వెళ్లాక రాద్దామనుకుంటే కుదరదు. అక్కడ చూసినదానికి తగ్గట్టు నమ్మకాలు సర్దుకుంటాయి, "నేను ముందునుంచీ ఇలాగే అనుకున్నాను" అనిపిస్తుంది. కాబట్టి ఇంట్లోనే ఒక పేజీలో రెండు జాబితాలు రాయండి. డబ్బున్నవారిని దేన్ని బట్టి గుర్తుపడతాను? లేనివారిని దేన్ని బట్టి గుర్తుపడతాను? మర్యాదగా రాయాలని చూడొద్దు. "గట్టిగా మాట్లాడతారు", "ధర చూడకుండా కొంటారు", "పిల్లల్ని అదుపులో పెట్టరు", "చెప్పులు చూస్తే తెలిసిపోతుంది" అని తోస్తే అలాగే రాయండి. ఈ పేజీ మరెవరూ చూడరు. అందంగా రాసిన జాబితా దేనికీ పనికిరాదు.

తర్వాత మీ స్థానం. నాన్సీ ఆడ్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు 2000లో ప్రచురించిన పరిశోధనలో పది మెట్ల నిచ్చెన బొమ్మ ఒకటి వాడారు. డబ్బు, చదువు, ఉద్యోగం అన్నిట్లో పైచేయిగా ఉన్నవారు పై మెట్టు మీద, అన్నిట్లో వెనకబడినవారు కింది మెట్టు మీద ఉన్నారనుకుని, తాము ఏ మెట్టు మీద ఉన్నారో గుర్తు పెట్టమంటారు. మీరూ ఆ బొమ్మ గీసి గుర్తు పెట్టండి. చాలామంది మధ్యలో ఎక్కడో పెట్టి "మేం మామూలు మనుషులం" అనుకుంటారు. మన మెట్టే మామూలు అని తేల్చుకున్న మరుక్షణం నుంచి పై మెట్టువారి ఖర్చు ఆడంబరంగానూ, కింది మెట్టువారి ఖర్చు తెలివితక్కువగానూ కనిపించడం మొదలవుతుంది. కాబట్టి ఆ గుర్తు పక్కనే తేదీ వేసి ఉంచండి, తర్వాత పనికొస్తుంది.

చివరగా, జాబితాలోని ప్రతి గుర్తు పక్కనా అది దేన్ని చెబుతోందో ఒక అక్షరం వేయండి. డబ్బుకు "డ", చదువు లేదా అభిరుచికి "చ", నలుగురిలో గౌరవానికి "గ". ఆస్తి, గౌరవం, అధికారం ఒకదానితో ఒకటి కలిసే ఉండాలని లేదని జర్మన్ సమాజ శాస్త్రవేత్త మాక్స్ వేబర్ వందేళ్ల కిందటే వివరించారు. ఫ్రెంచి సమాజ శాస్త్రవేత్త పియర్ బోర్దియూ 1960లలో ఫ్రాన్సులో జరిపిన సర్వేల ఆధారంగా, 1979లో ఇంకో అడుగు ముందుకు వేశారు: ఏది బాగుంది, ఏది నాటుగా ఉంది అని తేల్చే అభిరుచి కూడా డబ్బులాగే ఒక పెట్టుబడిగా పనిచేస్తుందని, అది ఇంట్లోనూ బడిలోనూ పోగవుతుందని వాదించారు. అక్షరాలు వేస్తుంటే ఒక చిక్కు బయటపడుతుంది. డబ్బును చూసి గుర్తుపడుతున్నానని మనం అనుకునే సందర్భాల్లో చాలాసార్లు నిజానికి మాటతీరును, నడకను, అభిరుచిని చూస్తున్నాం.

రెండో అడుగు: చోటు, వేళ, మర్యాద

రెండు రకాల దుకాణాలు ఎంచుకోండి. ఒకటి మీరు అలవాటుగా వెళ్లేది, ఇంకొకటి మీలాంటివారు సాధారణంగా అడుగుపెట్టనిది. అది మీ స్థోమతకు మించినదైనా కావచ్చు, "మన స్థాయికి తగదు" అని పక్కన పెట్టేసినదైనా కావచ్చు. వేళలు మార్చండి. పనిరోజు మధ్యాహ్నం వచ్చేవారూ, సెలవురోజు సాయంత్రం వచ్చేవారూ ఒకరు కారు.

ఇక మర్యాద. గాఫ్‌మన్ అనే సమాజ శాస్త్రవేత్త 1963లో ఒక సంగతి వర్ణించారు. బహిరంగ ప్రదేశంలో అపరిచితులు ఒకరినొకరు ఒక్క క్షణం చూసి, వెంటనే చూపు తిప్పుకుంటారు. "నువ్వున్నావని గమనించాను, నీ జోలికి రాను" అని చెప్పకుండా చెప్పే పద్ధతి అది. మీ పరిశీలన ఆ హద్దు లోపలే జరగాలి. తేరిపార చూడొద్దు, వెంట నడవొద్దు, మాటలు వినడానికి దగ్గరికి జరగొద్దు. ఫొటోలు, వీడియోలు, మాటల రికార్డింగు అసలే వద్దు. ఫోను జేబులోనే ఉంచమన్నది ఇందుకే. పిల్లల్ని, దుస్తులు మార్చుకునే గదుల చుట్టుపక్కలవారిని, మందులు కొనేవారిని, చెల్లింపు కోసం రహస్య సంఖ్య నొక్కుతున్నవారిని వదిలేయండి. మనిషిని గుర్తుపట్టేలా ఏదీ రాయకూడదు: పేరు, వాహనం నంబరు, ప్రత్యేకమైన మచ్చ వంటివేవీ.

ఇంత చెప్పడానికి కారణముంది. అమెరికాలో లాడ్ హంఫ్రీస్ అనే పరిశోధకుడు పురుషుల రహస్య కలయికలను బహిరంగ మరుగుదొడ్ల దగ్గర గమనించి, వారి కార్ల నంబర్ల ద్వారా చిరునామాలు సేకరించి, సుమారు ఏడాది తర్వాత వేషం మార్చుకుని ఆరోగ్య సర్వే పేరుతో ఆ ఇళ్లకు వెళ్లాడు. 1970లో ఆ అధ్యయనం పుస్తకంగా వచ్చాక రేగిన వివాదం పరిశోధన నీతి పాఠాల్లో నేటికీ చర్చకు వస్తూనే ఉంది. అతని ఉద్దేశం మంచిదేనన్నవారున్నారు. అయినా తమను ఎవరో గమనిస్తున్నారని తెలియని మనుషుల మీద సంపాదించిన సమాచారం వారి గుమ్మం దాకా వెళ్లింది. మీ నోటుపుస్తకంలోది ఎవరి గుమ్మం దాకానూ వెళ్లకూడదు.

ఎక్కువసేపు ఉండాలనుకుంటే దుకాణం నడిపేవారి అనుమతి తీసుకోండి. ఎవరైనా "ఏం రాస్తున్నారు?" అని అడిగితే నిజం చెప్పండి, వారికి నచ్చకపోతే ఆపేయండి. అన్నట్టు, మిమ్మల్ని ఎవరైనా అడిగారా లేదా అన్నది కూడా రాసుకోవాల్సిన విషయమే. గంటసేపు ఏమీ కొనకుండా తిరుగుతున్నా కాపలా మనిషి మీ వైపు చూడలేదంటే, ఆ అదృష్టం దుకాణంలోకి వచ్చే అందరికీ లేదు.

మూడో అడుగు: మొదటి చూపును ఆపకండి, పట్టుకోండి

"నేను ఎవరినీ అలా అంచనా వేయను" అని బయల్దేరేవారికి ఈ సాధన వల్ల ప్రయోజనం శూన్యం. అంచనా వేయకుండా ఉండడం మన చేతుల్లో ఉన్న పని కాదు. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో ప్రచురించిన ప్రయోగాల్లో ఒకే ముఖాన్ని, చూసేవారికి కాస్త ఖరీదుగా అనిపించే దుస్తులతోనూ, కాస్త చవకగా అనిపించే దుస్తులతోనూ చూపించారు. ముఖం కనిపించిన సమయం సెకనులో ఎనిమిదో వంతు మాత్రమే అయినప్పుడు కూడా, ఖరీదైన దుస్తుల్లో ఉన్న ముఖమే ఎక్కువ సమర్థంగా ఉన్నట్టు తోచింది. దుస్తుల్ని పట్టించుకోవద్దని ముందే చెప్పినా, సరిగ్గా అంచనా వేస్తే డబ్బిస్తామన్నా ఫలితం పెద్దగా మారలేదు.

కాబట్టి ఒక మనిషి మీద చూపు పడగానే మనసులో మెదిలిన మాటను అలాగే రాయండి. దాని పక్కన ఎంత నమ్మకంగా అనుకున్నారో ఒకటి నుంచి ఐదు వరకు ఒక అంకె వేయండి. ఆ తర్వాతే మనిషిని గమనించడం మొదలుపెట్టండి. ఈ వరుస మారకూడదు. ముందు గమనించి తర్వాత ఊహ రాస్తే, ఊహకు ఆధారాలు ఉన్నట్టు మనసు కథ అల్లేస్తుంది.

ఒక గంటలో ఐదారుగురి కంటే ఎక్కువమందిని రాయకండి. ఎక్కువమందిని రాసే తొందరలో వివరం పోతుంది.

నాలుగో అడుగు: చూసింది ఒక చోట, అనుకున్నది ఒక చోట

నోటుపుస్తకం పేజీని మూడు నిలువు భాగాలు చేయండి. మొదటి దానిలో చూసింది. రెండో దానిలో అనుకున్నది. మూడోది ఖాళీగా ఉంచండి, దాని సంగతి ఆరో అడుగులో.

మొదటి భాగానికి ఒకే నియమం: వీడియో తీసి ఉంటే అందులో కనిపించేది లేదా వినిపించేది మాత్రమే రాయాలి. వినడానికి తేలిగ్గా ఉంటుంది, రాయబోతే తెలుస్తుంది ఎంత కష్టమో. "ఆమె పొదుపుగా కొంటోంది" అని రాస్తాం. పొదుపు కనిపించదు. కనిపించింది ఇది: "ఒకే రకం సబ్బుపొడి రెండు ప్యాకెట్లు చేతిలోకి తీసుకున్నారు. రెండింటి వెనకా చదివారు. చిన్నది బుట్టలో వేసి, పెద్దది తిరిగి అదే చోట పెట్టారు." "ఆయన దర్పంగా మాట్లాడాడు" అని రాస్తాం. కనిపించింది: "ఉద్యోగి వైపు చూడకుండా, ఫోనులో మాట్లాడుతూనే, అరచేయి చాచి రసీదు తీసుకున్నారు." దర్పం అన్న మాట రెండో భాగంలో ఉండాలి. తప్పు మాట అని కాదు, అది మీ మాట కాబట్టి.

రాస్తున్నప్పుడు "పాపం", "బడాయి", "నాజూకుగా", "మొరటుగా", "అలవాటైన చేతులు", "కొత్తగా డబ్బొచ్చినవాళ్లలా" వంటి మాటలు మొదటి భాగంలోకి జారిపోతాయి. సాయంత్రం ఇంటికొచ్చాక రెండో రంగు కలంతో వాటి కింద గీత గీయండి. మొదటిరోజు పేజీ అంతా గీతలతో నిండిపోతుంది. అది వైఫల్యం కాదు, ఈ సాధనలో చేతికొచ్చే మొదటి సరుకు అదే.

సంబోధన కూడా చూడండి. ఎవరిని "ఆయన", "ఆవిడ" అని రాశారు? ఎవరిని "అతను", "ఆమె" అని రాశారు? ఎవరు "వాడు" అయ్యారు? వయసును బట్టి మారి ఉంటే సరే. ఒకే వయసువారి విషయంలో మారి ఉంటే, ఆ తేడాను నిర్ణయించింది చొక్కానో చెప్పులో అయి ఉంటుంది. ఇలా మర్యాదను క్రియాపదంలోనే చూపించే భాషలో రాసుకోవడం వల్ల మనకు అయాచితంగా దొరికే ఆధారమిది, వదులుకోకండి.

ఐదో అడుగు: ఎక్కడ చూడాలి

ఎక్కడ చూసినా ఏదో ఒకటి దొరుకుతుంది గానీ, కొన్ని చోట్ల ఎక్కువ దొరుకుతుంది. గుమ్మం దాటాక మొదటి నాలుగు అడుగులు. ధర చీటీని తిప్పి చూసే చేయి. తీసుకున్న వస్తువును వెనక్కి పెట్టడం. బిల్లు దగ్గర ఏదో ఒకటి తీసేయమని అడగడం.

అన్నిటికంటే ముఖ్యంగా దుకాణం ఉద్యోగుల్ని చూడండి. ఎవరు రాగానే లేచి నిలబడ్డారు, ఎవరు పిలిస్తే వచ్చారు, ఎవరి వెనక నాలుగడుగుల దూరంలో నడిచారు, ఎవరి సంచిని తెరిచి చూపించమన్నారు? మన లెక్క మన మనసులోనే ఉండిపోతుంది. వారి లెక్క మాత్రం నడకలో, గొంతులో బయటపడుతుంది. వారికి అదొక వృత్తి నైపుణ్యం. తప్పు మనిషి మీద సమయం పెడితే అమ్మకం పోతుందన్న భయం కూడా ఉంటుంది. వారిని తప్పుపట్టడానికి కాదు ఇది. ఒకే దుకాణంలో ఇద్దరు మనుషులకు వేర్వేరు ఆదరణ దొరుకుతుందని చూడడానికి.

అనుభవం ఉన్న కన్ను మామూలు కన్నుకంటే వేరుగా చదువుతుందని 2014లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. మిలాన్ నగరంలో ఖరీదైన దుకాణాల ఉద్యోగినులకు, బయట దారిన పోయే మహిళలకు ఒకే సన్నివేశం చెప్పారు: వ్యాయామ దుస్తులతో ఒక మహిళ దుకాణంలోకి వచ్చింది, లేదా చక్కటి దుస్తులు, బొచ్చు కోటుతో వచ్చింది. ఇద్దరిలో ఎవరిది ఎక్కువ స్థోమత? దారిన పోయేవారు కోటు వైపు మొగ్గితే, ఉద్యోగినులు వ్యాయామ దుస్తుల వైపు మొగ్గారు. లెక్కచేయకుండా రాగలిగిందంటే గట్టి ధైర్యమే ఉండాలన్నది వారి తర్కం. 2010లో వచ్చిన మరో అధ్యయనం ప్రకారం, పేరున్న సంస్థల చేతిసంచుల్లో సంస్థ గుర్తు పెద్దగా, కొట్టొచ్చినట్టు ఉన్నవాటి కంటే అది చిన్నగా, దాదాపు కనిపించకుండా ఉన్నవాటి ధరే ఎక్కువ. 1899లో ఆర్థికవేత్త వెబ్లెన్ వర్ణించిన ప్రదర్శన కోసం ఖర్చు పెట్టడం అనే అలవాటు పోలేదు గానీ, కొందరి విషయంలో అది తెలిసినవారికి మాత్రమే కనిపించే గుసగుసగా మారింది. దీన్ని బట్టి ఒక గమనిక రాసుకోండి: మీరు చదవగలిగే గుర్తులన్నీ మీ మెట్టు నుంచి కనిపించే గుర్తులు. పై మెట్లవారు ఒకరికొకరు ఇచ్చుకునే సైగలు మీ కంటికి ఆనకపోవచ్చు, కింది మెట్లవారివీ అంతే.

ఆరో అడుగు: ప్రతి ఊహకూ మరో మూడు కారణాలు

ఖాళీగా ఉంచిన మూడో భాగం ఇప్పుడు నింపాలి. దుకాణంలో కాదు, ఇంట్లో, అదేరోజు. చూసిన ప్రతి పనికీ మీ ఊహ కాకుండా ఇంకో మూడు కారణాలు రాయండి. మొదటిది వెంటనే తడుతుంది, రెండోదానికి కలం ఆగుతుంది, మూడోది రావాలంటే ఆ మనిషి జీవితంలోకి కాస్త వంగి చూడాల్సిందే. మూడోది రాసేదాకా పేజీ తిప్పొద్దు.

చిన్న ప్యాకెట్టు కొన్న సబ్బుపొడి సంగతే తీసుకుందాం. "పెద్దది కొంటే తూకానికి చవక కదా, ఆ మాత్రం లెక్క తెలియదా" అన్నది చాలామందికి వచ్చే ఊహ. మరో కారణాలు: మోసుకెళ్లడానికి వాహనం లేదు. ఇంట్లో పెట్టుకునే చోటు లేదు. రేపు ప్రయాణం ఉంది. కొత్త రకం కదా, ముందు కొంచెం వాడి చూద్దామనుకున్నారు. ఈరోజు చేతిలో ఉన్న డబ్బుతో ఇంకో మూడు వస్తువులు కొనాలి. ఈ చివరి కారణం మీద లోతైన పరిశోధనే ఉంది. తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలు, ఎక్కువ మొత్తంలో కొంటే వచ్చే ఆదాను, తగ్గింపు ధర ఉన్నప్పుడే కొని నిల్వ చేసుకునే ఆదాను వాడుకోలేకపోతున్నాయని, అందుకు అడ్డం వస్తున్నది తెలివి కాదనీ చేతిలో రొక్కం లేకపోవడమనీ 2019లో ఇద్దరు పరిశోధకులు అమెరికా కుటుంబాల కొనుగోలు రికార్డులు చూసి చెప్పారు. అంతకు చాలా ముందే, 1963లో, డేవిడ్ కాప్లోవిట్జ్ అనే సమాజ శాస్త్రవేత్త న్యూయార్కు పేద కుటుంబాలు గృహోపకరణాలకు డబ్బున్నవారికంటే ఎక్కువ చెల్లిస్తున్నాయని నమోదు చేశారు. లెక్క తెలియక కాదు, అరువు మీద తప్ప కొనలేక.

ఇంకో కారణం మనకు అసలు తట్టదు: ఆ సరుకు ఆ మనిషిది కాకపోవచ్చు. 1990లలో డేనియల్ మిల్లర్ అనే మానవ శాస్త్రవేత్త ఉత్తర లండన్‌లో ఒక వీధిలోని కుటుంబాలతో కలిసి దుకాణాలకు వెళ్లి చూశారు. అక్కడ కొనుగోలు ఎక్కువగా తమ కోసం కాదు, ఇంట్లో ఉన్న ఇంకొకరి కోసం జరిగేది. వారికి ఏది నచ్చుతుంది, వారు ఎలా ఉంటే బాగుంటుంది అన్న ఆలోచనతో. బుట్టను చూసి మనిషిని చదవబోతే నిజానికి మనం చదువుతున్నది వారి అత్తగారినో, కొడుకునో, పనిచేసే ఇంటి యజమానినో కావచ్చు. ఖరీదైన సామాను నిండిన బండి తోస్తున్న మనిషి దానికి డబ్బు చెల్లించేవారే కానక్కర్లేదు.

ఎదుటివారి పనికి పరిస్థితుల కంటే వారి స్వభావమే కారణమని అనుకునే ధోరణిని లీ రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో మౌలిక ఆరోపణ దోషంగా వివరించారు. మూడో భాగం చేసే పనల్లా, మనం మనకు ఉచితంగా ఇచ్చుకునే పరిస్థితుల సాకును ఎదుటివారికి కూడా ఇవ్వడం.

ఏడో అడుగు: మనిషిని మార్చి చూడండి

మొత్తం సాధనలో ఇదే కీలకం, మిగిలినవన్నీ దీనికి ముడిసరుకు. సమయం తక్కువుంటే వేరే అడుగు ఏదైనా వదిలేయండి, దీన్ని కాదు.

మీరు రాసిన ఒక పనిని తీసుకోండి. మనిషిని మార్చండి, పని మాత్రం అదే ఉంచండి. ఖరీదైన గడియారం పెట్టుకున్న మనిషి ధర తగ్గించమని అడిగితే మీరేమన్నారు? "బేరం తెలిసినవాడు" అని రాశారా? అరిగిపోయిన చెప్పులతో ఉన్న మనిషి అదే అడిగితే "పాపం" అన్నారా, "ఎంత తగ్గించినా ఏడుస్తారు" అన్నారా? వస్తువు తిరిగిచ్చేయడానికి వచ్చినవారిలో ఒకరు "హక్కులు తెలిసినవారు" అయి, ఇంకొకరు "వాడుకుని తెచ్చినవారు" అయ్యారా? బిల్లు దగ్గర ఏడుస్తున్న పిల్లవాడికి బొమ్మ కొనిస్తే ఒక తల్లి "మురిపెంగా పెంచుతోంది", మరో తల్లి "ఉన్న కాస్తా తగలేస్తోంది" అయిందా? అసలు ఏమీ కొనకుండా వెళ్లిపోయినవారిలో "నచ్చలేదు" ఎవరు, "కొనలేకపోయారు" ఎవరు?

ప్రతి పనికీ రెండు వాక్యాలు రాయండి, ఇద్దరు మనుషులతో. రెండూ ఒకేలా ఉంటే మంచిదే, ముందుకు సాగండి. వేరుగా ఉంటే ఆ తేడా పని నుంచి రాలేదు. అది మీరు వెంట తెచ్చుకున్నది.

చూసిన ఒకే సాక్ష్యం నుంచి రెండు వేర్వేరు తీర్పులు ఎలా పుడతాయో 1983లో జాన్ డార్లీ, పాజెట్ గ్రాస్ చేసిన ప్రయోగం చూపించింది. నాలుగో తరగతి చదివే ఒక పాప వీడియో చూపించారు. కొందరికి ఆమె సంపన్న ప్రాంతపు పిల్లగా, మరికొందరికి పేద ప్రాంతపు పిల్లగా పరిచయమైంది. అంతవరకే చూసి అంచనా వేసినవారు పెద్దగా తేడా చూపలేదు, పరిసరాల్ని బట్టి తీర్పు చెప్పడానికి జంకారు. తర్వాత ఇంకో బృందాలకు ఆ పరిచయంతో పాటు ఆ పాప పరీక్ష ప్రశ్నలకు జవాబులు చెబుతున్న ఒకే వీడియో చూపించారు. సంపన్నురాలనుకున్నవారు ఆమె తన తరగతికి మించి ఉందన్నారు, పేదపిల్ల అనుకున్నవారు వెనకబడి ఉందన్నారు. జవాబులు అవే. సాక్ష్యం చూశామన్న ధీమాయే వారి జంకును పోగొట్టింది. గంటసేపు దుకాణంలో గమనించాక మీకు కూడా అలాంటి ధీమా వస్తుంది. నమ్మకం అంకె మూడు నుంచి ఐదుకు పెరిగిన చోట్ల ఆగి చూడండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. "నా ఊహలన్నీ తప్పే" అని తేల్చేయడం కూడా సోమరితనమే. 2009లో మైకేల్ క్రాస్, డాకర్ కెల్ట్‌నర్ చేసిన పరిశోధనలో, అపరిచితులు మాట్లాడుకుంటున్న అరవై సెకన్ల వీడియో చూసిన మనుషులు వారి కుటుంబ ఆర్థిక స్థాయిని గుడ్డిగా ఊహించిన దానికంటే మెరుగ్గా చెప్పగలిగారు. పర్సు బరువు గురించి మన ఊహలు పూర్తిగా గాలి మాటలు కావు. ప్రమాదం తర్వాతి మెట్టులో ఉంది. పర్సును ఊహించి, అక్కడి నుంచి తెలివికి, నిజాయితీకి, పెంపకానికి ఒక్క దూకు దూకుతాం. మీ రెండో భాగంలోని మాటల్ని ఈ రెండు కుప్పలుగా విడదీయండి: పర్సు గురించినవి ఒక వైపు, మనిషి గురించినవి మరో వైపు. రెండో కుప్ప ఎంత పెద్దదో చూస్తే చాలామంది కంగుతింటారు.

ఎనిమిదో అడుగు: రాయనివారిని వెతకండి

నోటుపుస్తకంలో ఎవరున్నారో చూశాం. ఎవరు లేరు? సాధారణంగా రెండు రకాలవారు ఉండరు. మీలాంటివారు ఒకరు: మీ వయసు, మీలాంటి దుస్తులు, మీలాంటి మాట. వారిని మీరు చూడలేదని కాదు, రాయాల్సినంత విశేషం కనిపించలేదు. ఇంకొకరు అక్కడ పనిచేసేవారు: నేల తుడిచేవారు, బళ్లు పక్కకు నెట్టేవారు, సరుకు సర్దేవారు. గంటసేపు కళ్లముందే ఉంటారు, ఒక్క వాక్యంలోకీ రారు. రెండోసారి వెళ్లినప్పుడు ముందుగా ఈ ఇద్దరి గురించే రాయండి.

దుకాణానికే రానివారు కూడా ఉన్నారు. సరుకులు ఇంటికి తెప్పించుకునేవారు, తీరిక లేనివారు, లోపలికి రావడానికి సంకోచించేవారు. అక్కడ కనిపించిన జనాన్ని బట్టి ఊరంతా ఇంతే అనుకోకూడదు.

తొమ్మిదో అడుగు: తోడు, మీ బుట్ట

వీలైతే మీకంటే వేరే నేపథ్యం ఉన్న మిత్రుల్ని ఒకరిని తీసుకెళ్లండి. ఒకే గంట, ఒకే దుకాణం, వేర్వేరు నోటుపుస్తకాలు. రాసేటప్పుడు మాట్లాడుకోవద్దు. తర్వాత మార్చుకుని చదవండి. ఇద్దరూ ఒకే మనిషిని రాసిన చోట మొదటి భాగాలు దాదాపు కలుస్తాయి, రెండో భాగాలు ఎక్కడెక్కడ విడిపోయాయో అక్కడ కూర్చుని మాట్లాడుకోండి. వాదించుకోవద్దు, "నీకు అలా ఎందుకు తోచింది?" అని మాత్రం అడగండి.

మీ బుట్టను కూడా వదలొద్దు. పాత రసీదు ఒకటి తీసుకుని, అది ఎవరో తెలియని మనిషిదైనట్టు రెండో భాగం నింపండి. ఎంత తేలిగ్గా తప్పుడు మనిషి తయారవుతారో చూస్తే నవ్వొస్తుంది.

కొందరు ఇంకో అడుగు వేసి, మాసిన దుస్తులు వేసుకుని ఖరీదైన దుకాణానికి వెళ్లి "నన్నెలా చూశారో" అని రాస్తుంటారు. నేను వద్దంటాను. వేషం విప్పేసి ఇంటికెళ్లగల మనిషికి ఆ చూపు బరువు తెలియదు, పైగా అక్కడి ఉద్యోగిని తెలియకుండా పరీక్షకు కూర్చోబెట్టినట్టవుతుంది. మీ మామూలు దుస్తుల్లోనే, మీరు ఇమడని దుకాణానికి వెళ్లండి. అది చాలు.

పదో అడుగు: మొదటి పేజీకి వెళ్లండి

అన్ని విడతలూ అయ్యాక, బయల్దేరే ముందు రాసిన జాబితా తీయండి. ప్రతి గుర్తునూ మూడింటిలో ఒకటిగా తేల్చండి. పర్సు గురించి కొంత చెబుతుంది అనిపిస్తే ఉంచండి, కానీ నమ్మకం అంకె తగ్గించండి. మనిషి మారితే అర్థం మారిపోతోంది అనిపిస్తే కొట్టేయండి. పర్సు నుంచి స్వభావానికి దూకిస్తోంది అనిపిస్తే ఆ దూకును వాక్యంగా రాయండి: "ధర చూడకుండా కొంటే డబ్బున్నట్టు అనుకున్నాను, డబ్బుంటే పద్ధతైనవారని అనుకున్నాను" అని. ఇలా విడగొట్టి రాసినప్పుడు రెండో సగం చదవడానికే ఎబ్బెట్టుగా ఉంటుంది.

పది మెట్ల నిచ్చెన మీద మళ్లీ గుర్తు పెట్టండి, పాత గుర్తు చూడకుండా. మారితే ఎటువైపు మారిందో, ఏ దుకాణం తర్వాత మారిందో రాయండి. ఖరీదైన చోట గంట గడిపాక ఒక మెట్టు కిందికి, చవక చోట గడిపాక ఒక మెట్టు పైకి జరగడం వింతేమీ కాదు.

మనుషుల గురించి రాసిన పేజీలను ఇక చింపేయవచ్చు. మొదటి పేజీ, పదాలను విడదీసిన రెండు కుప్పలు ఉంచుకోండి. కొన్ని నెలల తర్వాత మరో కొత్త చోట ఇదే సాధన చేయండి. ఆస్పత్రి వేచివుండే గదిలోనో, బస్సు స్టేషన్‌లోనో అయితే బుట్టలూ ధర చీటీలూ ఉండవు. అప్పుడు మీ కన్ను వేటిని వెతుక్కుంటుందో అక్కడి నుంచి కొత్త జాబితా మొదలుపెట్టండి.